శీతకాలపు పక్షులు, మన హిప్పర్గా చెరువు

సోలాపూరునకు సముద్రము లేదు. భీమానదియు, సీనానదియు ఊరికి ఎడముగనే ప్రవహించుచున్నవి. వేసవిలో కుళాయిల యొద్ద బిందెలు వరుసపెట్టు పేటలు మనవి. ఇట్టి ఊరిలో నుండి నేను నీటిపక్షుల ఛాయాచిత్రములు తీయుచున్నానని విని, కోస్తా ప్రాంతమునుండి వచ్చిన మా బంధువు లొకరు, “బావగారూ, సముద్రం మా దగ్గర, పక్షులు మీ దగ్గరా?” అని పరిహాసమాడిరి. ఆ పరిహాసమునకు సమాధానముగ ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దానితోపాటు, ఈ మధ్య కెమెరాలు చేతబట్టి చెరువుగట్టునకు వచ్చుచున్న మన పేటల యువకులకు చెప్పవలసినది కూడ ఒకటి కలదు.

మాది మగ్గమును నమ్ముకొన్న కుటుంబము. మా తాతగారు కరీంనగరము ప్రాంతమునుండి పొట్ట చేతబట్టుకొని ఈ ఊరు చేరిరి. మా తండ్రిగారు కారఖానాలో మరమగ్గముపై చద్దరులు నేసిరి. మా తల్లిగారు బీడీలు చుట్టిరి. నేను మెట్రిక్ వఱకు చదివి, నూలు దుకాణములో గుమాస్తాగా 35 సంవత్సరములు లెక్కలు వ్రాసి, పని విరమించితిని. ఆ యేడు మా పెద్దబ్బాయి తాను వాడి ప్రక్కన బెట్టిన కెమెరాను, దూరపు వస్తువును దగ్గఱగ చూపు కటకముతో సహా నా చేతికిచ్చెను. నాటినుండి 8 శీతకాలములు గడచినవి. కార్తికమాసమునుండి ఫాల్గుణము వఱకు ప్రతి ఆదివారము తెల్లవారుజామున హిప్పర్గా చెరువునకు పోవుట నాకు నియమమైనది.

ఈ చెరువునకు సర్కారు కాగితములలో ఏకరూఖ్ తటాకమని పేరు. తుల్జాపూరు పోవు దారిలో, ఊరికి ఉత్తరముగ నున్నది. ఆదిలా యను చిన్న యేటికి అడ్డముగ మట్టికట్ట వేసి, 1871లో దీనిని పూర్తిచేసిరి. కట్టినవారి ఉద్దేశము పొలములకు కాలువ నీరు; పిమ్మట ఊరికి త్రాగునీరు కూడ దీనినుండి వచ్చెను. పక్షుల మాట అప్పటి దస్తావేజులలో ఎవరు తలపెట్టి యుందురు? అయినను నీరు నిలిచినచోట బురద యేర్పడును. బురదయందు పురుగు, నాచు, గడ్డి పుట్టును. వానిని వెదకికొనుచు రెక్కలున్నవి వచ్చును. మనుష్యుడు తన పంటకొఱకు చేసిన పని యిట్లు మరియొకరికి బ్రతుకుదెరువైనది. భీమానదిపై 1980లో పూర్తియైన ఉజనీ జలాశయము విషయమును ఇట్టిదే. అందు ఊళ్ళు మునిగినవి. పలసదేవ్ గ్రామపు ప్రాచీన శివాలయము మునిగి, నీరు బాగుగ తగ్గిన వేసవులలో మాత్రము బయటపడి కనబడును. ఆ మునిగిన పొలముల అంచుననే నేడు వేలకొలది పక్షులు మేయుచున్నవి.

మన చెరువునకు వచ్చువారెవరు? నల్లని మేను, తెల్లని నొసలు గల బొల్లికోడి మొదట కంటబడును. దీనిని మరాఠీవారు ‘వారకరీ’ యందురు. నొసటి తెల్లని బొట్టు చూచి, పండరినాథుని దర్శనమునకు నడచిపోవు భక్తుడని ఆ పేరు పెట్టియుందురని నాకు తోచును. పండరిపురము మన జిల్లాలోనిదే గనుక పేరు బహు చక్కగ అమరినది. వెడల్పైన గరిటె ముక్కుతో నీటిని జల్లించు బాతులు గుంపులుగ నుండును. తోక పైకిని క్రిందికిని ఆడించుచు బురదపై పరుగులిడు చిన్న పిట్టను మరాఠీలో ‘ధోబీ’ యందురు. రేవున బట్టలుదుకు తీరు దానిది. నారింజపండు వన్నెతో మెఱయు చక్రవాకములు జంటలుగ వచ్చును. మన కావ్యములలో రాత్రివేళ విడిపోయి విలపించునని కవులు చెప్పిన పక్షి యిదియే. లడఖ్, టిబెట్టు మొదలైన చల్లని పీఠభూములలో గ్రుడ్లు పెట్టి, శీతకాలమున మన దేశపు చెరువులకు దిగివచ్చును.

వీనియందెల్ల నా మనసునకు నచ్చినది తలపై రెండు నల్లని పట్టెలు గల పెద్దబాతు. బూడిదవన్నె దేహము, పసుపుపచ్చని ముక్కు, తెల్లని తల, దానిపై సిరాతో గీచినట్లు రెండు అడ్డగీతలు. దీనిని మరాఠీలో పట్టకాదంబ మందురు. కొందఱు రాజహంస యని కూడ వ్రాయుదురు. మన తెలుగు పత్రికలలో రాజహంస యన్న మాట పొడవుకాళ్ళ గులాబిరంగు ఫ్లెమింగోకు వాడుకైనది. ఆ ఫ్లెమింగోను మరాఠీవారు ‘రోహిత్’ అందురు. ఇంట తెలుగు, వీధిని మరాఠీ మాటలాడు మనవంటివారికి ఒకే పేరున రెండు పక్షులు లభించినవి, నష్టమేమియు లేదు.

ఈ పట్టెతల బాతు మంగోలియా, టిబెట్టు, కిర్గిజ్‌స్థాన్ దేశముల సరస్సుల యొద్ద పిల్లలను చేసి, హిమాలయములను దాటి మన వైపునకు వచ్చును. ఉపగ్రహముల సాయమున వీని జాడ తీసిన శాస్త్రజ్ఞులు, 7000 మీటర్లకు పైబడి ఎగిరిన సందర్భములను నమోదుచేసిరి. మనుష్యుడు నాలుగడుగులు వేసిన నాయాసపడు ఎత్తది. దాని రక్తమునకు ప్రాణవాయువును పలుచని గాలినుండియు గట్టిగ పట్టుకొను గుణమున్నది. అట్టి ప్రాణి మన ఊరి చెరువుగట్టున గడ్డిలో ఒంటికాలిపై నిలిచి కునుకుట చూచినప్పుడు, ఇది మన హిప్పర్గాయేనా యని నాకు మొదటి యేడు ఆశ్చర్యము కలిగెను.

పక్షులను గూర్చి వ్రాయుచు మన ఊరివారైన మారుతి చితంపల్లి గారిని తలపకుండుట తగదు. ఆయన 1932లో సోలాపూరున జన్మించి, అటవీశాఖలో ఉద్యోగము చేసి, అడవులను, పక్షులను గూర్చి మరాఠీలో విరివిగ వ్రాసిరి. ఇంటిపేరు వినగనే మనకు చుట్టరికము తోచును. ఆయన ఆత్మకథ పేరు ‘చకవాచందన్’. చకవా యనగా చక్రవాకమే. 2006లో సోలాపూరున జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనమునకు ఆయన అధ్యక్షులు. కాకులు గుంపుగ గూళ్ళు కట్టుకొను చోటునకు ‘కాకాగార’ మను మాటను మరాఠీకి ఇచ్చినది వారే. 2025లో పద్మశ్రీ గౌరవము పొంది, అదే సంవత్సరము జూన్ నెలలో మన ఊరనే కన్నుమూసిరి. పేరు తెలియని పక్షి అందఱికిని ఒక పిట్టగనే కనబడును. పేరు తెలిసిన నాటినుండి అది వచ్చినదా, రాలేదా యని వెదకుదుము. ఆయన మనకు చేసిన ఉపకార మది.

ఇక ఛాయాచిత్రముల సంగతి. నేను చదువుకొన్న విద్య గాదిది, చెరువు నేర్పినది. సూర్యుడు మన వీపు వెనుక నుండవలెను. తెల్లవారిన గంటన్నర లోపల వెలుతురు మెత్తగ నుండును. ఎండ ముదిరినచో నీటిపై వేడిగాలి లేచి బొమ్మ వణకినట్లుండును. నిలువబడి తీసినచో పక్షి వీపు మాత్రము చిక్కును. కెమెరా పక్షి కంటి యెత్తున నుండవలెను. అందులకు నేలపై బోర్లపడుకొనక తప్పదు. ఈ వయసున ముక్కాలిదండము మోయలేక, చిరిగిన చద్దరు ముక్కతో సంచి కుట్టించి, అందులో రెండు కిలోల జొన్నలు పోయించితిని. కటకమును దానిపై ఆనించినచో కదలదు. నిలిచిన పక్షికి క్షణములో 250వ వంతు కాలము చాలును. ఎగురుదానికి 2000వ వంతు కావలెను. తెల్లని పక్షిపై ఎండ పడినప్పుడు వెలుతురును కొంచెము తగ్గించి తీయవలెను. లేనిచో సున్నము కొట్టిన గోడవలె నుండి, ఈకల పొందిక కనబడదు. నేత కనబడని బట్ట బొమ్మను మనవారెవరైన మెచ్చుదురా?

ఇవన్నియు ఒక యెత్తు, దూరము ఒక యెత్తు. మట్టిరంగు దుస్తులు వేసికొని మెల్లగ పోవలెను. పక్షి మేత మాని తల యెత్తెనా, ఉన్నచోట ఆగవలెను. గుంపంతయు మెడలు నిక్కించెనా, రెండడుగులు వెనుకకు వేయవలెను. మెడలు దించిన పిదపనే కెమెరా యెత్తవలెను. ఈ నియమము నాకు ఏ గ్రంథమునుండియు రాలేదు. మా ఇంటనుండి వచ్చినది.

పట్టెతల బాతులు సాయంకాలములందును, రాత్రులందును చేలలోనికి పోయి గడ్డి, లేత పైరు, రాలిన గింజలు మేయును. పగటివేళ నీటి అంచున చేరి విశ్రమించును. అనగా అవి రాత్రిపాళి చేయునవి. మన పేటలలో రాత్రిపాళి యననేమో ఎవరికి చెప్పవలెను? మా తండ్రిగారికి రాత్రిపాళి వచ్చిన వారములో మేము గోలీలాడుటకు సందు చివరకు పోయెడివారము. మా తల్లిగారు బిందె దించునప్పుడు చప్పుడు కానీయకుండెడిది. చుట్టములు వచ్చినను అరుగుపైననే కూర్చుండి మెల్లగ మాటలాడెడివారు. నిద్ర చెడినవాడు ఆ రాత్రి మగ్గము యొద్ద ఏమరినచో వేలు పోవును, లేదా బట్ట చెడి కూలి పోవును. ఈ సంగతి ఇంటిల్లిపాదికి తెలియును.

రెండేండ్ల క్రిందట జనవరి మాసమున, కారులో వచ్చిన కొందఱు యువకులు, ఎగురుచున్న గుంపు బొమ్మ కావలెనని బాతుల వైపునకు రాయి విసరిరి. నిద్రించుచున్న గుంపంతయు ఒక్కమారుగ లేచెను. నేను గడియారము చూచితిని. చెరువుపై చుట్లు తిరిగి తిరిగి, అవి మరల నేల వ్రాలుటకు 25 నిమిషములు పట్టెను. వానిలో సగము తిరిగి రానేలేదు. బొమ్మలు చక్కగనే వచ్చి యుండును; చూచినవారు మెచ్చుకొని యుందురు. ఆ బొమ్మలో రాయి కనబడదు. నేను దగ్గఱకు పోయి అడుగగా, వారిలో ఒకడు నవ్వుచు, “కాకా, ఎగిరేటందుకే గదా దానికి రెక్కలు!” అనెను. రెక్కలున్న మాట నిజమే. కాళ్ళున్నవి గదా యని రాత్రిపాళి చేసి వచ్చిన వానిని పట్టపగలు లేపి పరుగెత్తించుదుమా?

మార్చి నెలలో ఈ పక్షులకు తిరుగు ప్రయాణము. హిమాలయములను మరల దాటుటకు కావలసిన క్రొవ్వు ఈ నాలుగైదు నెలలలో ఒడలిలో కూడవలెను. అదియే వాని సొమ్ము. బ్యాంకును లేదు, వడ్డీయు లేదు. బెదరి యెగిరిన ప్రతిసారి ఆ సొమ్ములో కొంత ఖర్చగును. ఖర్చైనది మరల మేసి పూడ్చుకొనవలెను. ఒకరోజు ఒకరు రాయి విసరిన బాతు చావదు. కాని ఆదివారము పదిమంది, పండుగనాడు ఏబదిమంది వచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్కసారి లేపినచో, జమ కంటె ఖర్చు పెరుగును. లెక్కలు వ్రాసి బ్రతికిన వాడను గనుక నాకిది పద్దుగనే తోచును: ఖర్చు పక్షిది, బొమ్మ మనది.

“మీరు పోవుట మాత్రము దానికి బాధ కాదా? ఇంట కూర్చుండరాదా?” అని మిత్రులొకరు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. మనుష్యుడు గట్టునకు పోయినంతనే పక్షికి కొంత జాగ్రత్త పెరుగును, కాదనను. కాని చూడనివాడు దేనిని కాపాడును? చెరువులో చెత్త పోయునప్పుడు, గట్టు దురాక్రమణ మగునప్పుడు, అందున్న ప్రాణులను చూచి యెఱిగినవాడే నోరు తెఱచును. కావున పోవుట మానుట గాక, పోవు పద్ధతి నేర్చుకొనుట మేలు.

ఆ పద్ధతిని నేను ఉజనీ జలాశయమున ఒక పడవవాని యొద్ద చూచితిని. భిగ్వాన్ చెంత కుంభార్‌గావ్ అను పల్లెలో చేపలు పట్టువారు శీతకాలమున సందర్శకులను పడవలపై త్రిప్పుదురు. రోహిత్ పక్షులు అచట వందలకొలది నిలిచి, వంకర ముక్కును తలక్రిందులుగ నీటిలో ముంచి బురదను జల్లించుచుండును. సముద్రతీరములందు తిరుగు గల్ పక్షులు కూడ ఇంత లోపలి భూమికి వచ్చి ఆ నీటిపై తేలుచుండుట చూచి, మా బంధువు పరిహాసము నాకు జ్ఞప్తికి వచ్చెను. పక్షులు ఇంకను దూరముననుండగనే పడవవాడు మోటారు ఆపి, గడతో నెట్టసాగెను. పడవలో నొకరు ఇంకను దగ్గఱకు పోనిమ్మని, ఎక్కువ డబ్బు ఇత్తునని అనిరి. అతడు మరాఠీలో, “మీరు సాయంకాలమునకు వెళ్ళిపోవుదురు. నేను రేపు వచ్చువారికి కూడ వీనిని చూపవలెను” అనెను. అతడు పక్షిశాస్త్రము చదివినవాడు కాడు; తన బ్రతుకు ఆ గుంపు నిలుచుటపై నున్నదని యెఱిగినవాడు.

సముద్రపు ఒడ్డున సంగతి యెట్టిదో చూచు అవకాశము కూడ ఒకసారి కలిగినది. బంధువుల యింట పెండ్లికి నెల్లూరు పోయి, అచటినుండి సూళ్ళూరుపేట చేరి పులికాటు సరస్సు చూచితిని. శ్రీహరికోటకు పోవు దారి ఆ సరస్సు నడుమనుండియే సాగును. ఇరువైపుల మడమ లోతు ఉప్పునీరు. అందు తెల్లవారు వెలుగు పడి, నీరేదో ఆకాశమేదో తెలియకుండెను. దూరముగ ఫ్లెమింగోల వరుస గులాబిరంగు చీర అంచువలె సాగియుండెను. ఆ రంగు వాని మేతనుండి వచ్చినదే; నాచునందును, చిన్న రొయ్యజాతి పురుగులందును గల వర్ణము ఈకలకు పట్టును. అచట ఏటేట జరుపు ఫ్లెమింగో పండుగకు జనము తండోపతండములుగ వత్తురు. సమీపమున నేలపట్టు గ్రామము కలదు. నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొను ఆ చెరువును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రముగ ప్రకటించిరి. కాని అంతకు ముందునుండియే ఆ ఊరివారు పక్షులను కాచుచున్నారు. వాని రెట్టలు కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువు పాఱించినట్లే యని వారి అనుభవము. పక్షి వలన ప్రయోజనమెఱిగిన పల్లెలో పక్షికి కావలివాడు వేఱుగ అక్కఱలేదు.

ఈ ప్రయాణములన్నిటి వలన తేలినదేమనగా, పక్షికి సముద్రమే కావలెనని లేదు. మడమ లోతు నీరు, మెత్తని బురద, పగటి నిద్రకు నిశ్శబ్దము కావలెను. మొదటి రెండును హిప్పర్గా చెరువు ఇచ్చుచున్నది. మూడవది మనము ఇయ్యవలసినది.

నేను తీసిన ప్రతి బొమ్మ క్రిందను తేది, వేళ, నీరు ఎంతవఱకున్నది, గుంపులో ఎన్ని యున్నవి అను వివరములు వ్రాసి పెట్టుదును. పెద్ద గుంపును లెక్కించుటకు మొదట పదింటిని గుర్తించి, ఆ పది యెంత స్థలము ఆక్రమించినదో చూచి, మిగిలినవానిని పదులుగ కొలుతును. దుకాణములో నూలు కట్టలు లెక్కించిన తీరే. ఎనిమిదేండ్ల బొమ్మలు వరుసగ పేర్చి చూడగా ఒక సంగతి కనబడినది. వానలు బాగుగ కురిసి చెరువు గట్టు వఱకు నిండిన యేడు మనకు పండుగ. కాని బురదలో ముక్కుతో పొడుచుకొని తిను ఉల్లంకి పిట్టలకు నిలువ నీడ లేదు. నీరు దిగి బురద తేలిన యేడు అవి బారులు తీరును. కావున ఈ యేడు పక్షులు తగ్గినవని ఒక్క బొమ్మ చూచి అనరాదు; నీటిమట్టముతో కలిపి చదువవలెను. ఆసియాఖండ మంతట 1987నుండి ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. తేదీతో కూడిన బొమ్మలు అట్టి గణనకు అక్కఱకు వచ్చును. తేది లేని బొమ్మ, ఎంత అందమైనను, తేది లేని రసీదువంటిదే.

జనవరి మాసముననే మరియొక ఆపద కలదు. సంక్రాంతికి ఎగురవేయు గాలిపటముల నైలాను మాంజా చెట్లకు చుట్టుకొని, చేలనుండి తిరిగి వచ్చు పక్షుల రెక్కలను కోయును. దీనిని జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించినది. నూలుదారము బరువు పడినచో తెగును. నైలాను తెగదు, మాంసమును తెంచును. నూలు నమ్ముకొని బ్రతికిన పేటలలోనైన పిల్లల చేతికి నూలుదారమే యిత్తము.

మన సంఘమువారికి ఒక మనవి చేసి ముగించుచున్నాను. యువకులు తీసిన పక్షుల ఛాయాచిత్రములను పండుగనాడు ప్రదర్శించినచో బాగుండును. బొమ్మ క్రింద తేదియు, ఎంత దూరమునుండి తీసినదియు వ్రాయుమని అడుగవలెను. ఆకాశము నిండ రెక్కలు విప్పిన గుంపు బొమ్మకు చప్పట్లు ఎటులైనను వచ్చును. బహుమానము మాత్రము, నీటి అంచున తల రెక్కలో దాచుకొని నిద్రించుచున్న పక్షి బొమ్మకు ఇయ్యవలెను. చూచుటకు అందు విశేషమేమియు నుండదు. తీయుట మాత్రము మిక్కిలి కష్టము. తీసినవాడు వచ్చి పోయిన సంగతి ఆ పక్షికి తెలియలేదు.